డప్పుతో నడిచిన మోటారు పడవ

ఆ రోజు పొద్దున్న తెరిసమ్మ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పిల్లకి నీళ్ళు పొయ్యాలి. చెంబులో నిప్పులు పోసి మొగుడి కాకీ చొక్కా ఇస్త్రీ చెయ్యాలి. సామలన్నం వండి, చింతపులుసు కాచి, వాకిలి అలకాలి. ఎండ నడినెత్తికి వచ్చేలోపల కంపెనీ ఇన్స్పెక్టరు గణపతిరావుగారు డోలీ దిగుతారు. మోటారు పడవ ఎక్కి ఏరు దాటి, అవతలి గట్టున ఉన్న కలప డిపో చూస్తారు. భేష్ అంటారు. పడవ నడిపే స్తెఫను ఉద్యోగం ఖాయం చేస్తారు. ఉద్యోగం ఖాయమైనవాడికి కంపెనీ రేకుల ఇల్లు ఇస్తుంది.

తెరిసమ్మకి కావలసింది ఆ రేకులే. కిందటి వానాకాలంలో పుట్టిన సరళని గడ్డి గుడిసెలో పొడి మూల కోసం వెతుక్కుంటూ నాలుగు వైపులా తిప్పింది. నాలుగు మూలలూ కారాయి. చివరికి పిల్లని ఒళ్ళో పెట్టుకుని, తల మీద చేట బోర్లించుకుని కూర్చుంది. ఆ తడికి పట్టిన దగ్గు పిల్లని సంక్రాంతి దాటేదాకా వదల్లేదు. ఇప్పుడు చైత్రమాసం. వానలకి ఇంకా వేళ ఉంది, కానీ వానలు కంపెనీ ఉత్తర్వుల కోసం ఆగవు కదా.

ఈ పథకంలో ఇంజనుకి అప్పగించిన పని ఒక్కటే: మొదలవడం. ఆ ఒక్కటీ తప్ప మిగిలిన పనులు చాలామటుకు అనుకున్న వేళకే జరిగాయి.

స్తెఫను భీమిలి వైపు తెరచాప పడవల మీద పెరిగినవాడు. ఇంజను విద్య మాత్రం విశాఖపట్నంలో ఒక మేస్త్రీ దగ్గర నేర్చుకున్నాడు. పెట్రోలు ఉందో లేదో చూడు, ప్లగ్గు పొడిగా ఉందో లేదో చూడు, హేండిలు తిప్పు అన్నాడు మేస్త్రీ. ఈ మూడూ చేసినా కదలకపోతే ఏం చెయ్యాలో చెప్పబోయేసరికి ఆయనకి భోజనం వేళయింది. అక్కడితో చదువు పూర్తయింది.

ఆ పొద్దున్న స్తెఫను పెట్రోలు డబ్బాలో పుల్ల ముంచి చూశాడు. ఉంది. హేండిలు బిగించి, ఊపిరి బిగబట్టి తిప్పాడు. పాలు తాగి తేన్చిన పిల్లలాగా ఇంజను ఒకసారి ‘ఫుస్’ మని ఊరుకుంది.

"ఏటయ్యింది?" అని అడిగింది తెరిసమ్మ గట్టు మీంచి, పిల్లని చంకనేసుకుని.

"ఏటీ అవ్వలేదు. అదే కదే గొడవ."

"నిన్న బాగానే ఉంది కదా?"

"నిన్న శుభ్రంగా తిరిగింది. రాత్రికి రాత్రి ఏటొచ్చిందో!"

"రాత్రి ఎక్కడెట్టావు దాన్ని?"

"పడవలోనే. పక్కలో యేసుకుని పడుకోమంటావేటి?"

"ఒళ్ళంతా మంచుకి ఎలా తడిసిపోయిందో సూడు. తడిబట్టతో పడుకోబెడితే మన సరళ గుంట ఊరుకుంటాదా?" అంటూ తెరిసమ్మ పాతచీర ముక్క విసిరింది. "తుడు ముందు."

స్తెఫను తుడిచాడు. ఇత్తడి భాగాలు తుడిచాడు, ఇనుప భాగాలు తుడిచాడు, ఏం చేస్తాయో తనకి తెలియని భాగాలు మరింత భక్తిగా తుడిచాడు. తర్వాత ప్లగ్గు విప్పి తెచ్చి పొయ్యిలో పెట్టమన్నాడు. తెరిసమ్మ పిల్ల స్నానానికి కాగుతున్న నీళ్ళు దించేసి, ప్లగ్గుని నిప్పుల మీద పెట్టింది. స్నానం తప్పిందని సరళ సంతోషించింది.

ఈలోగా బుధు వచ్చాడు. ఏటి పక్కన ఉన్న బొడ్డగుడ అనే కొండ ఊరికి ఆయనే పెద్ద. ఊళ్ళో ఎవరికి కష్టం వచ్చినా ముందుగా వచ్చి, అందరికంటే సుఖంగా ఉన్న రాయి చూసుకుని కూర్చుంటాడు.

"ఏటల్లుడా, పలకటం లేదా?"

"లేదు మావా."

"తన్ను."

"తన్నాను మావా. కాలు వాచింది."

"నీ కాలు కాదురా, దానికేటైనా అయ్యిందా?"

"దానికేటీ అవ్వలేదు."

"అయితే దానికి బాగా చలేసుంటాది. దుప్పటి కప్పి, పక్కన నిప్పుల కుండ ఎడదాం" అని బుధు లేవబోయాడు.

"పెట్రోలు పక్కన నిప్పా!" తెరిసమ్మ కేక పెట్టింది. "కూకో మావా. నా గుంటకి ఇల్లూ కావాల, నాయినా కావాల."

కాలిన ప్లగ్గుని తడి గోనెపట్టతో పట్టుకుని స్తెఫను గెంతుకుంటూ పడవలోకి వెళ్ళి బిగించాడు. ఈసారి తిప్పేసరికి ఇంజను గట్టిగా ఒక్కటి పేలింది, హేండిలు వెనక్కి తన్నింది, స్తెఫను ఇస్త్రీ చొక్కాతో సహా ఏట్లో పడ్డాడు.

"కదిలింది!" అన్నాడు బుధు ఉత్సాహంగా.

"కదిలింది నేను!" అన్నాడు స్తెఫను నీళ్ళలోంచి.

సరిగ్గా అప్పుడే పై మలుపులో డోలీ మోసేవాళ్ళ కూత వినబడింది. కొండ దిగి రేవుకి రావడానికి ఎంతసేపో పట్టదు. స్తెఫను తడి జుట్టుతో, తడి చొక్కాతో గట్టు మీద కూలబడ్డాడు.

"అయిపోయిందే తెరిసా. ఈ వానాకాలం కూడా చేటే."

తెరిసమ్మ ఒకసారి గుడిసె కప్పు వైపు చూసింది, ఒకసారి చంకలో ఉన్న పిల్ల వైపు చూసింది. తర్వాత ఆమె అడిగిన ప్రశ్నకీ ఏడుపుకీ సంబంధం లేదు.

"ఆ ఇన్స్పెక్టరు పంతులుగారు ఎప్పుడైనా మోటారు పడవ ఎక్కారా?"

"ఆయనా? కచ్చేరీ కుర్చీలోంచి లేచి డోలీ ఎక్కినోడు. బొమ్మలో సూసుంటాడు."

"అయితే ఆయనకి తెలిసింది రెండే ముక్కలు. పడవ తెడ్డు లేకుండా కదలాల, చెవులు పగిలేలాగా మోగాల. ఆ రెండూ నేను సూసుకుంటాను. నువ్వు పెళ్ళినాటి కోటు తొడుక్కుని నవ్వుతా నిలబడు."

"మోసం కాదేటే?"

"మోసమేటి? ఎండెక్కితే అదెలాగూ నడుస్తాది. ఈ పూటకి దాని బదులు మనం నడుపుతాం. అన్నకి జొరమొస్తే తమ్ముడు పనికెళ్ళడా?"

స్తెఫను కోటు తెచ్చుకోవడానికి లేచాడు. ఆమె చెప్పాక అతను ఎప్పుడూ లేస్తాడు. అందుకే వాళ్ళ కాపురం ప్రశాంతంగా ఉంది.

కలప దుంగలు లాగడానికి అడవి అడ్డతీగతో పేనిన తాడు రేవులోనే ఉంది. ఒక కొస పడవ ముక్కుకి, నీటి మట్టానికి కింద కట్టారు. రెండో కొస తీసుకుని బుధు, ఊళ్ళో మగవాళ్ళు దోనెల మీద అవతలి గట్టుకి వెళ్ళి వెదురు పొద వెనక నక్కాలి. వాళ్ళ మీద పెత్తనానికి తెరిసమ్మ పిల్లతో వెళ్తుంది. ఇక మోత. పడవ వెనక భాగంలో ఇంజను తడవకుండా తడికలు కట్టిన గది ఉంది. ఎలాగూ పని లేదు కాబట్టి పెట్రోలు డబ్బా విప్పి దూరంగా గట్టు మీద పెట్టేశారు. ఆ గదిలో డప్పు వాయించే సుక్రుని కూర్చోబెట్టారు. పొగ కూడా ఉంటే బాగుంటుందన్నాడు స్తెఫను. అతనికి కొంచెం ధైర్యం వచ్చింది. పొగకి సోములమ్మని పిలిచారు. ఊరు మొత్తం మీద ఆమెలాగా చుట్ట కాల్చేవాళ్ళు లేరు. మామూలుగా నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. ఇవాళ మాత్రం కంపెనీ కోసం తిరగేసి కాలుస్తానని ఒప్పుకుంది.

"ఏ దరువెయ్యమంటావమ్మా?" సుక్రు లోపల్నించి అడిగాడు. "పెళ్ళిదా, చావుదా, దింసా ఆటదా?"

"ఆగకుండా ఉండాల. గట్టిగా, బేగిబేగి."

"ఆగకుండా అంటే ఒకటుంది గానీ, అది..."

"అదే వెయ్యి. పంతులుగారొచ్చేస్తన్నారు." తెరిసమ్మ దోనె ఎక్కేసింది.

గణపతిరావుగారు డోలీ దిగారు. చైత్రమాసపు ఎండలో కూడా మెడకి మఫ్లరు చుట్టుకున్నారు, చేతిలో గొడుగు ఉంది. చింతపల్లి వైపు కొండవాళ్ళు తిరగబడిన పితూరీ అణిగి ఇంకా ఏడాది కాలేదు. అందుకని ఆయన ప్రతి పొదనీ ముందు గొడుగుతో పొడిచి, తర్వాత దాటుతున్నారు.

"ఏమయ్యా స్తెఫనూ, ఇక్కడంతా ప్రశాంతమే కదా?"

"ప్రశాంతమేనండి. ఈగ కూడా వాలదండి."

"ఆ కోటేమిటి?"

"ఇంజను మర్యాదకండి."

గణపతిరావుగారికి ఆ మాట నచ్చింది. పడవ ముందు భాగంలో వేసిన పీట మీద, గొడుగు విప్పుకుని కూర్చున్నారు. స్తెఫను తడికల వైపు వంగి, హేండిలు తిప్పినట్టు తిప్పి, పెద్దగా దగ్గాడు. లోపల సుక్రు దరువు అందుకున్నాడు. పడవ తీరం వదిలింది.

"ఆహా! ఏమి బలం! గుండెల్లో మోగుతోందయ్యా!" గణపతిరావుగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. తడికల సందుల్లోంచి చక్కటి నీలం పొగ వచ్చింది. "పొగాకు వాసన వేస్తోందేం?"

"నాటు పెట్రోలండి."

"ఒరే సుక్రూ, మోచెయ్యి నా కంట్లో గుచ్చకురా!" అంది ఇంజను.

గణపతిరావుగారు వెనక్కి తిరిగారు. "ఏమిటయ్యా, మాట్లాడుతోంది?"

"లోపల గాలి ఆడితే అలాగే ఉంటాదండి. కొత్తలో నాకూ భయమేసేది."

పడవ ఏటి మధ్యకి వచ్చింది. దరువు రెండు కొండలకీ తగిలి, నాలుగు దరువులై తిరిగి వస్తోంది. అది ఎంత దూరం వెళ్తోందో తడికల మధ్య కూర్చున్న సుక్రుకి తెలియదు. అవతలి గట్టున ఉన్న తెరిసమ్మకి మాత్రం అప్పుడే తెలిసింది. ఎందుకంటే తాడు లాగే హడావిడిలో పట్టించుకోని దరువు ఇప్పుడు కొండల మీంచి చెవిన పడి, బుధు తాడు వదిలేశాడు. పక్కవాడూ వదిలేశాడు. వరసగా అందరూ వదిలేసి, తమతో తెచ్చుకుని చెట్లకి ఆనించిన విల్లులు అందుకున్నారు.

"ఏటి మావా! తాడు!"

"ఏట దరువమ్మా!" అన్నాడు బుధు, ఒక పక్క అమ్ములు ఏరుకుంటూ.

ఆ వారం కొండల్లో ఇటుకల పండగ, అంటే చైత్రమాసపు వేట పండగ. ఆ వారంలో వేట దరువు మోగిందంటే ఏ ఊరి మగవాడైనా సరే, చేతిలో ఉన్న పని చేతిలోనే విడిచి విల్లో బల్లెమో పట్టుకుని రావాలి. అన్నం తింటున్నవాడు చెయ్యి కడుక్కోకుండా వస్తాడు. గొరిగించుకుంటున్నవాడు సగం గడ్డంతో వస్తాడు. తాడు లాగుతున్నవాళ్ళకి మినహాయింపు ఉందని ఇంతవరకు ఎవరూ అనలేదు.

"అది ఏట కాదు మావా, ఇంజను!"

"ఇంజనైనా దరువు దరువే కదమ్మా" అన్నాడు బుధు న్యాయంగా.

తాడు పాములాగా నీళ్ళలోకి జారిపోతోంది. తెరిసమ్మ పిల్లని ఎడమ చంకలోకి మార్చుకుని, కొస మీద కాలేసి తొక్కి, వంగి అందుకుని, దగ్గర్లో ఉన్న మోడుకి రెండు చుట్లు తిప్పింది. పిల్ల జారలేదు, తాడూ జారలేదు. అయితే పడవ ముందుకు రావడం మానేసి, ప్రవాహానికి కిందకి తిరిగి, నల్లరాళ్ళ వైపు మెల్లగా ఊగడం మొదలుపెట్టింది.

"ఇంజను మోగుతోంది, పడవ ఆగిందేం?" అని అడిగారు గణపతిరావుగారు.

"దమ్ము తీసుకుంటోందండి" అన్నాడు స్తెఫను. నవ్వుతూ నిలబడమని పెళ్ళాం చెప్పింది కాబట్టి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

అప్పుడు గణపతిరావుగారు తలెత్తి గట్టు వైపు చూశారు. వెదురు పొదల్లోంచి విల్లులు వస్తున్నాయి. వాటి వెనక బల్లేలు వస్తున్నాయి. కొండ మీంచి గొడ్డళ్ళు దిగుతున్నాయి. ఒక్కొక్క ఊరివాళ్ళూ కేకలేసుకుంటూ ఏటి ఒడ్డుకి చేరుతున్నారు. సగం గడ్డం గొరిగినవాడు అందరికంటే భయంకరంగా ఉన్నాడు.

"పితూరీ!" అన్నారు గణపతిరావుగారు. అనాలనుకున్నారు గానీ పైకి వచ్చింది ‘పి’ ఒక్కటే. పీట మీంచి జారి పడవ అడుగున బోర్లా పడుకుని, మీద గొడుగు కప్పుకున్నారు. "పోనియ్యవయ్యా! వేగంగా పోనియ్యి! ఇల్లిస్తాను, ఉద్యోగమిస్తాను, పోనియ్యి!"

స్తెఫను అటు రాళ్ళు చూశాడు, ఇటు తడికలు చూశాడు. పెట్రోలు డబ్బా గట్టు మీద ఉంది. ఈ పడవని ఇప్పుడు ముందుకు నడపగల మనిషి లోకంలో ఒక్కతే ఉంది. నోటి చుట్టూ చేతులు పెట్టుకుని అరిచాడు: "తెరిసా!"

తెరిసమ్మ అప్పటికే మోడు పక్కన రాయి ఎక్కి నిలబడింది. ఆ అరుపులకి సరళ లేచి తనూ అందుకుంది.

"ఒరే అన్నల్లారా, బాబుల్లారా! ఏటా లేదు గీటా లేదు! ఆ రాళ్ళకి తగిలితే నా గుంటకి నాయిన ఉండడు! తాడట్టండి!"

దరువు పిలిస్తే రావాలన్న నియమం ఉంది. ఏడుస్తున్న చంటిపిల్ల తల్లి పిలిస్తే నియమం అక్కర్లేదు. విల్లులు భుజాలకి తగిలించుకుని అంతమందీ ఒక్కసారిగా తాడు మీద పడ్డారు. ఇంతకుముందు ఊరివాళ్ళు మాత్రమే లాగిన పడవని ఇప్పుడు ఒక కొండ కొండంతా లాగింది. పడవ ముక్కు నీళ్ళలోంచి పైకి లేచింది. రెండు వైపులా నీళ్ళు రెక్కల్లాగా లేచాయి. బయట కేకలు విని, తన వాయింపు బాగా నచ్చినట్టుందనుకుని సుక్రు మరింత ఊపందుకున్నాడు. గొడుగు కింద ఉన్న గణపతిరావుగారికి ఇవేవీ కనబడలేదు. దేహం వెనక్కి జారిపోతోందని మాత్రం తెలిసింది.

పడవ గట్టెక్కింది. నిజంగానే ఎక్కింది. నీళ్ళు దాటి ఇసక మీద కొంతదూరం పోయి ఆగింది.

గణపతిరావుగారు గొడుగు అంచు ఎత్తి చూశారు. చుట్టూ బల్లేలు. ఆయన కళ్ళు మూసుకుని ఇష్టదైవాలని వరసగా పిలిచారు. బుధు వంగి ఎంతో మర్యాదగా అడిగాడు:

"బాబూ, జంతువేదండి?"

"జంతువా?"

"దరువేశారు కదండి. మరి జంతువేదండి?"

జంతువు లేదని తేలేసరికి అందరి ముఖాలూ మాడిపోయాయి. కారణం ఊళ్ళలో ఉంది. వేటకి వెళ్ళి ఉత్త చేతుల్తో తిరిగొచ్చిన మగవాళ్ళ మీద పొయ్యడానికి ఆ పండగలో ఆడవాళ్ళు పేడనీళ్ళు కలిపి గుమ్మాల్లో ఉంచుతారు. దరువు వాళ్ళూ విన్నారు. ఈపాటికి కుండలు నిండి ఉంటాయి. ఏదో ఒకటి పట్టుకోకుండా ఊళ్ళోకి వెళ్ళే దారి లేదు.

తర్వాత అందరి చూపులూ, ఎవరూ చెప్పకుండానే, గణపతిరావుగారి మీద నిలిచాయి. మనిషి లావుగా, నిగనిగలాడుతూ, మఫ్లరుతో దొరికి ఉన్నాడు.

"ఎత్తండ్రా" అన్నాడు బుధు.

గణపతిరావుగారిని పీటతో సహా భుజాలకెత్తుకున్నారు. ఎవరో చెవిలో మోదుగపువ్వు పెట్టారు. సుక్రు తడికల్లోంచి బయటికి జారి గుంపులో కలిసిపోయి, ఈసారి దింసా దరువు అందుకున్నాడు. సోములమ్మ దగ్గుకుంటూ చుట్టని మళ్ళీ సరైన వైపుకి తిప్పుకుంది. ఊరేగింపు ఆ గట్టున దగ్గర్లో ఉన్న ఊరి మొదట్లోకి రాగానే ఆడవాళ్ళు కుండలెత్తి అడ్డం నిలబడ్డారు.

"ఏటి తెచ్చారు?"

"పంతుల్ని తెచ్చాం!" అన్నాడు బుధు. "ఇంత బరువైంది ఈ యేడు ఏ ఊరోళ్ళైనా తెచ్చారేటో అడగండి!"

ఆడవాళ్ళు ఆయన చుట్టూ తిరిగి చూశారు. వెనక నుంచి కూడా చూశారు. నవ్వుకుంటూ కుండలు దించారు. చేతులు పట్టుకుని ఆట మొదలుపెట్టారు. చావు తప్పిందని గణపతిరావుగారికి అర్థమైంది, సన్మానం జరుగుతోందని ఆయనే అర్థం చేసుకున్నారు. మఫ్లరు సర్దుకుని, భుజాల మీంచే ఉపన్యసించారు. పాతికేళ్ళ కొలువులో ఇంత వేగం చూడలేదన్నారు. ఇంత గౌరవం అసలే చూడలేదన్నారు. స్తెఫను ఉద్యోగం ఆ క్షణం నుంచే ఖాయమన్నారు.

"ఇల్లో బాబూ?" తెరిసమ్మ కింద నుంచి గట్టిగా అడిగింది.

"వానలకి ముందే, రేకుల ఇల్లు!"

"అందరూ యిన్నారు కదా?" అంది తెరిసమ్మ జనం వైపు తిరిగి. అందరూ విన్నామన్నారు. ఆయుధాలు ఇంకా భుజాల మీదే ఉన్నాయి.

తిరుగు ప్రయాణానికి పడవ సిద్ధంగా ఉందని స్తెఫను ఎంత చెప్పినా గణపతిరావుగారు వినలేదు. ఆ వేగం రోజుకి ఒకసారి చాలునని చెప్పి, డోలీని చుట్టుదారిన రప్పించుకుని వెళ్ళిపోయారు. మధ్యాహ్నం స్తెఫను పడవని తిరిగి రేవుకి చేర్చి, పెట్రోలు డబ్బా బిగించి, ఊరికే ఒకసారి తిప్పి చూశాడు. ఎండకి ఒళ్ళారిన ఇంజను మొదటి తిప్పుకే డబడబమంటూ అందుకుంది. రాత్రంతా ఏడ్చి తెల్లారాక చక్కగా నవ్వే పిల్లని చూసినట్టు తెరిసమ్మ దాన్ని చూసింది.

మాట ప్రకారం వానలకి ముందే ఇల్లు లేచింది. తొలి వాన రాత్రి తెరిసమ్మ పిల్లని ఇంటి నడిమధ్య పడుకోబెట్టి, నాలుగు మూలలూ చేత్తో తడిమి చూసి, అన్నీ పొడిగా ఉన్నాయని నమ్మకం కుదిరాక మళ్ళీ ఒకసారి తడిమింది. సరళ దగ్గలేదు.

ఆ వారమే కంపెనీ మనుషులు వచ్చారు. అంత బలమైన ఇంజనుని కొండల్లో చిన్న పడవకి పెట్టడం వృథా అని, సముద్రం మీద పెద్ద పడవకి బిగించాలని గణపతిరావుగారు పైవాళ్ళని ఒప్పించారట. ఇంజను విప్పి, గోనెల్లో చుట్టి, కావడి మీద ఘాటీ దించేశారు. స్తెఫను ఉద్యోగం మాత్రం ఖాయమైంది కాబట్టి దాన్ని ఎవరూ విప్పలేదు. అతను కోటు మడతపెట్టి, చిన్నప్పుడు వాడడం నేర్చిన, పడవ తోసే గెడ చేతపట్టుకున్నాడు.

అప్పట్నుంచి బొడ్డగుడ రేవులో మోటారు పడవ ఏ ఒక్క పొద్దునా మొరాయించలేదు.